హేల్సోవెన్ రైతులూ, ఒక పాత లెక్కల పుస్తకమూ

ఒక ఎస్టేటు చరిత్ర రాయమంటే యజమానుల పేర్లు వరసగా రాసి ఊరుకోవడం చాలామంది చరిత్రకారులకు అలవాటు. ఇంగ్లండులోని హేల్సోవెన్ మేనర్ కథనూ అలా రాయవచ్చు. మేనర్ అంటే ప్రభువు భూములూ, వాటిని దున్నే రైతులూ, ఆ రైతులను విచారించే ప్రభువు కచేరీ - అన్నీ కలిసిన భూస్వామ్యం.

1066లో నార్మన్లు ఇంగ్లండును జయించాక హేల్సోవెన్ ఎర్ల్ రోజర్ పాలయింది. 1086లో విలియం రాజు తయారు చేయించిన భూముల లెక్క, డూమ్స్‌డే పుస్తకంలో అది అతని పేరనే ఉంది. 1102లో రోజర్ కొడుకు తిరుగుబాటు చేసి ఓడిపోగా భూమి రాజు వశమయింది. రెండవ హెన్రీ దాన్ని తన సవతి సోదరి ఎమ్మా భర్తయిన వేల్స్ రాకుమారుడికి ఇచ్చాడు. 13వ శతాబ్దం మొదట్లో జాన్ రాజు మఠ స్థాపన కోసం వించెస్టర్ బిషప్‌కు ధారపోశాడు.

ఈ చేతుల మార్పిడిలో రైతును అడిగినవాడు లేడు. వెట్టి గురించీ పన్నుల గురించీ మఠంతో రైతులకు తగాదా మొదలయింది. 1243లో ఒక ఒడంబడిక కుదిరినా అది నిలవలేదు. 1270ల చివర వారు రాజు కోర్టుకెక్కారు. తమది పూర్వం నుంచీ రాజు సొంత భూమి అనీ, అలాంటి భూమిలో రైతుల మీద కొత్త భారాలు మోపే హక్కు ఏ ప్రభువుకూ లేదనీ వారి వాదన. చట్టం అలాగే ఉంది. కాని నార్మన్ల రాకకు ముందు, ఎడ్వర్డ్ రాజు కాలంలో, ఆ భూమి రాజుదై ఉండాలి. డూమ్స్‌డే ప్రకారం అది రాజుది కాదు. 1286లో కోర్టు వారిని శాశ్వతంగా అర్ధబానిసలుగా తేల్చింది.

యజమానుల వంశక్రమానికి అర్థం ఇక్కడ ఉంది. రెండు వందల ఏళ్ళ కిందట ఈ నేల ఎవరి పేరన ఉన్నదో, దాన్నిబట్టే దున్నేవాడు స్వతంత్రుడా కాదా అన్నది నిర్ణయమయింది. పాలకులు తమ అవసరానికి రాయించుకున్న పుస్తకాన్ని నమ్మి రైతులు న్యాయం కోరారు. ఆ పుస్తకమే వారిని ఓడించింది.

1538లో ఎనిమిదవ హెన్రీ మఠాన్ని రద్దు చేసి, భూమిని జాన్ డడ్లీకి ఇచ్చాడు. మళ్ళీ యజమాని మారాడు.

రచయితలు గమనించవలసిన విషయం మరొకటి ఉంది. 1270 నుంచి మఠాధిపతి కచేరీ చిట్టాలు మిగిలాయి. జరిమానాల కోసం రాసిన ఆ కాగితాల్లోనే రైతుల పేర్లు దొరుకుతాయి. వాటి నుంచే జ్వి రాజీ 1980లో వారి పెళ్ళిళ్ళనూ చావులనూ తిరిగి చెప్పగలిగాడు. కాని ఆ చిట్టాలు రాసింది ప్రభువు గుమాస్తా. వాటిని చదివేటప్పుడు ఆ మాట మరిచిపోకూడదు.