నక్షా ఇచ్చిన సంస్థ, నేల ఇచ్చిన రైతు: అమరావతిలో సుర్బానా జురాంగ్ వ్యాపార సరళి

ఇంజినీరింగ్ కన్సల్టెన్సీ ఆస్తిఅప్పుల పట్టీలో యంత్రాలు, గోదాములు పెద్దగా కనిపించవు. నిపుణుల పనిగంటలు, వాటికి పలికే రేటు: ఆదాయమంతా అక్కడి నుంచే. గుంటూరు మిర్చి రైతు ధర పడిపోతే టిక్కీలను (బస్తాలను) కోల్డ్ స్టోరేజీలో పెట్టి, వాటి మీద అప్పు తెచ్చుకుని కొన్నాళ్లు ఆగగలడు. ఖాళీగా పోయిన పనిగంటను దాచుకునే వీలు కన్సల్టెన్సీకి లేదు. అందుకే ఒక పనికి వచ్చే ఫీజు కన్నా ఆ పని వెంట వచ్చే పనుల వరస దానికి ముఖ్యం.

సింగపూర్ సంస్థలు సుర్బానా, జురాంగ్ 2015లో విలీనమయ్యాయి. కొత్త సంస్థ సుర్బానా జురాంగ్ 2016లో ఆస్ట్రేలియాకు చెందిన ఇంజినీరింగ్ సంస్థ ఎస్‌ఎంఈసీని, 2017లో రాబర్ట్ బర్డ్ గ్రూపును కొనేసింది. వెనక ఉన్న పెట్టుబడి సింగపూర్ ప్రభుత్వ సంస్థ టెమాసెక్‌ది. విలీనం జరిగిన ఏడాదే ఈ సంస్థలు గీసిన ఆంధ్రప్రదేశ్ రాజధాని అమరావతి నక్షాలు రాష్ట్ర ప్రభుత్వం చేతికి వచ్చాయి: మార్చిలో రాజధాని ప్రాంతానివి, మేలో 217 చదరపు కిలోమీటర్ల నగరానివి, జులైలో దాని కేంద్రభాగమైన సీడ్ కేపిటల్‌వి. ప్రణాళికకు సింగపూర్ డబ్బు తీసుకోదని అప్పటి ప్రభుత్వం చెప్పింది. ఎంత ముట్టిందన్నది తర్వాత రాజకీయ వివాదమైంది. ఆ వాదులాటలో అసలు లెక్క మరుగున పడిందని నా అభిప్రాయం.

2017లో అమరావతిలోని 1,691 ఎకరాల స్టార్టప్ ప్రాంతం అభివృద్ధి పని స్విస్ ఛాలెంజ్ (ఒకరి ప్రతిపాదనకు పోటీ బిడ్లు పిలిచే) పద్ధతిలో అసెండాస్-సింగ్‌బ్రిడ్జ్, సెంబ్‌కార్ప్ కన్సార్షియానికి దక్కింది. కన్సార్షియం వాటా 58 శాతం, రాష్ట్రానిది 42. ఈ రెండు సంస్థల్లోనూ అప్పట్లో టెమాసెక్ పెట్టుబడి ఉండేది. కాబట్టి నక్షా మీద రాబడిని సుర్బానా జురాంగ్ లాభనష్టాల పట్టీలోనే వెతికితే సగం లెక్కే తేలుతుంది. భూమి విలువ పెరిగితే వచ్చే లాభం పక్క పద్దులో పడుతుంది. ఇందులో అక్రమం ఉందని అనడం లేదు. బేరానికి కూర్చునే ముందు ప్రభుత్వం రెండు పద్దులూ కలిపి చూడాలి, అంతే.

2019 నవంబరులో ఆ ఒప్పందం రద్దయింది. ఆ ఏడాదే రాజధాని పనులూ నిలిచిపోయాయి. కన్సల్టెన్సీ తన మనుషులను ఇంకో దేశపు పనికి పంపగలదు. రాజధాని భూసమీకరణకు దాదాపు 34 వేల ఎకరాలు ఇచ్చిన రైతుకు ఆ వెసులుబాటు లేదు. మెట్ట ఎకరాకు ఏటా 30,000, సారవంతమైన జరీబు భూమికి 50,000 రూపాయల కౌలు, ఏటా కొంత పెంపు, పదేళ్ల గడువు: ఇదీ అతనికి రాసిచ్చిన హామీ. పత్తి చేనుకు బదులుగా వచ్చే ప్లాటు విలువ మాత్రం నగరం లేస్తేనే. అంటే ప్రాజెక్టు ఆగిపోయే ప్రమాదంలో పెద్ద భాగం, దాన్ని మోసే శక్తి అందరికన్నా తక్కువ ఉన్నవాడి మీద పడింది. ఫీజు ఎంత అన్న ప్రశ్న కన్నా నాకు ఇదే బరువుగా తోస్తుంది.

2024 డిసెంబరులో ప్రపంచ బ్యాంకు అమరావతికి 80 కోట్ల డాలర్ల రుణం మంజూరు చేసింది, ఆసియా అభివృద్ధి బ్యాంకు కూడా దాదాపు అంతే. 2025 మే 2న పనులు మళ్లీ మొదలయ్యాయి. ఈసారి కన్సల్టెంట్లకు ముందుగా పడిన పని కొత్త నక్షా గీయడం కాదు. సచివాలయ టవర్ల రాఫ్ట్ పునాదులు ఏళ్ల తరబడి నీళ్లలో నానాయి. అవి ఇంకా బరువు మోస్తాయో లేదో తేల్చడానికి 2024 ఆగస్టులో ఐఐటీ మద్రాస్ నిపుణులు పడవ ఎక్కి వెళ్లి చూశారు.