ఇంటి ముందు మెట్లు: కొలత, కట్టడం, పైపని

ఇంటి ముందు మెట్లు కట్టించేటప్పుడు ముందుగా చూడవలసినది వాటి ఎత్తుల సమానత. ఒక మెట్టు 6 అంగుళాలు, మరొకటి 8 అంగుళాలు ఉంటే ఎక్కేవారికి కాలు తట్టుకుంటుంది, దిగేవారు పడిపోతారు. మా ఇంట పైన పరచే బండల మందం లెక్కించకుండానే మెట్లు కట్టించాము. పని ముగిసేసరికి వీధి వైపు మొదటి మెట్టు 8 అంగుళాలు, తక్కినవి 6 అంగుళాలు అయినవి. ఆ తేడా మా కంటికి కనిపించలేదు. ఒకనాటి రాత్రి మా అమ్మగారు దిగుతూ పడి, మణికట్టు విరిగిన తరువాతనే కొలిచి చూశాము.

కనుక లెక్క కాగితం మీద ముందే వేయాలి. వీధి మట్టం నుంచి వసారా నేల వరకు, బండతో సహా 26 అంగుళాలు అనుకొందాము. దానిని 4 చేత భాగిస్తే ఒక్కొక్క ఎత్తు 6.5 అంగుళాలు. మెట్లపై వేసే బండ, దాని కింది సిమెంటు కలిసి 2 అంగుళాలైతే, మొదటి మెట్టు ఇటుక కట్టడాన్ని 4.5 అంగుళాల వద్దే ఆపాలి; పైవాటిని 6.5 చొప్పున లేపాలి. బండలు పడిన పిమ్మట నాలుగు ఎత్తులూ సమానమవుతాయి. నివాస గృహాలలో మెట్టు ఎత్తు 190 మిల్లీమీటర్లు, అనగా సుమారు 7.5 అంగుళాలు మించరాదని, వెడల్పు 250 మిల్లీమీటర్లకు తగ్గరాదని జాతీయ భవన నిర్మాణ నియమావళి చెబుతున్నది. వృద్ధులున్న ఇంట 6 అంగుళాల ఎత్తు, 12 అంగుళాల వెడల్పు మేలు.

మెట్లు బేసి సంఖ్యలో ఉండాలని పట్టుబట్టేవారున్నారు. అందుకోసం 26 అంగుళాలను మూడు ఎత్తులు చేస్తే ఒక్కొక్కటి 8.5 అంగుళాలు దాటుతుంది. అది ముసలివారికి శిక్ష. అయిదు చేసుకోవచ్చును. లేదా వసారా నేలను లెక్కలో వదిలివేస్తే నాలుగు ఎప్పుడూ మూడే!

మేస్త్రీ ఏ భాషవాడైనా ఈ కొలతలు అతనికి స్పష్టంగా చెప్పాలి. మెట్టును కన్నడంలో మెట్టిలు అని, హొసూరు వైపు తమిళంలో పడి అని, పర్లాకిమిడి వైపు ఒడియాలో పాహాచ అని అంటారు.

బళ్ళారి, రాయచూరు వైపు నల్లరేగడి వానకు ఉబ్బి ఎండకు కుంగుతుంది. అటువంటి చోట మెట్లకు కూడా గట్టినేల తగిలేవరకు పునాది తీసి, మొరం పొరలు పొరలుగా పోసి, తడిపి దిమ్మిస చేయాలి. ఇంటి గోడకూ మెట్లకూ నడుమ సన్నని సందు విడిస్తే, మెట్లు కుంగినా గోడ చీలదు. ఇటుకలను ముందుగా నీటిలో నానబెట్టాలి. కట్టడానికి ఒక పాలు సిమెంటుకు ఆరు పాళ్ళ ఇసుక, పూతకు ఒకటికి నాలుగు. వారం రోజులు తగ్గకుండా తడుపుతుండాలి.

పైపనికి నునుపైన గ్రానైటు అందమే గాని వానలో జారుతుంది. గరుకుగా ఉన్న షాబాదు బండ మంచిది. అది సున్నపురాయి గనుక యాసిడ్‌తో కడగరాదు. ప్రతి బండా వీధి వైపు పావు అంగుళం వాలాలి, లేకుంటే నీరు నిలుస్తుంది. తాపీ పిడితో తట్టినప్పుడు డొల్ల శబ్దం వస్తే బండను లేపి మళ్ళీ పరిపించాలి.

వీధికి సిమెంటు రోడ్డు రాబోతున్నదేమో పంచాయతీలో ముందే విచారించండి. రోడ్డు 4 అంగుళాలు లేస్తే 6.5 అంగుళాల మొదటి మెట్టు 2.5 అంగుళాలే మిగులుతుంది. అప్పుడు ఆ ఒక్కదానిని సరిచేస్తే చాలదు; మొత్తం ఎత్తును తిరిగి భాగించవలసిందే.