వానొస్తే వచ్చే సినిమా

క్రికెట్ మ్యాచ్ మధ్యలో వాన పడితే ఇంట్లో మగవాళ్ల మొహాలు ఎలా మాడిపోతాయో మనకి ఒకరు చెప్పక్కర్లేదు. అమెరికాలో బేస్‌బాల్‌కీ అదే తంటా. కాకపోతే ఒకప్పుడు ఇక్కడ ఆటకి వాన అడ్డం రాగానే టీవీలో ఏ పాత సినిమానో, పాత సీరియలో మొదలయ్యేది. వాన తగ్గగానే అది ఎక్కడిదక్కడ తెగిపోయి మళ్లీ ఆట వచ్చేది. అలా సగం సగం చూసినవాటిని తల్చుకుని ఇప్పటికీ మురిసిపోయేవాళ్లు మేముండే అట్లాంటాలో చాలామందే ఉన్నారు. ఆ కథ కాస్త తవ్వి చూస్తే, అది ఆటల చరిత్ర కన్నా ఇళ్ల చరిత్రలా అనిపించింది నాకు.

బేస్‌బాల్‌లో బ్యాటర్ పరిగెత్తే దారులు మట్టివి. నాలుగు చినుకులు గట్టిగా పడితే బురదే. అందుకే వాన ముదరగానే సిబ్బంది పెద్ద టార్పాలిన్ దొర్లించుకుంటూ వచ్చి కప్పేస్తారు, డాబా మీది వడియాల మీద మనం గబగబా పట్టా పరిచినట్టు. ఆట ఒకసారి ఆపాక కనీసం 30 నిమిషాలైనా చూడకుండా అంపైర్ దాన్ని రద్దు చేయకూడదని రూలు. ఒక్కోసారి గంటా రెండు గంటలూ ఆగుతారు. అట్లాంటాలో వేసవి సాయంత్రాలు ఉరుములూ మెరుపులూ మామూలే. మరి అంతసేపూ టీవీ వాళ్లు ఏం చూపించాలి?

ఇక్కడే టెడ్ టర్నర్ గురించి చెప్పాలి. తండ్రి నుంచి వచ్చిన హోర్డింగుల వ్యాపారం చూసుకుంటూ, 1970లో ఆయన అట్లాంటాలో నష్టాల్లో ఉన్న 17వ నంబర్ చానల్ కొన్నాడు. కొత్త కార్యక్రమాలు తీయడానికి డబ్బులెక్కడివి? చవగ్గా దొరికే పాత సినిమాలు, ఇతర చానళ్లలో ఎప్పుడో అయిపోయిన సీరియళ్లు వేసేవాడు. 1976లో ఏకంగా అట్లాంటా బ్రేవ్స్ బేస్‌బాల్ టీమునే కొన్నాడు. ఏడాదికి 162 ఆటలు, అంటే చానల్‌కి అన్ని రోజుల సరుకు! అదే ఏడాది డిసెంబర్ 17న చానల్‌ని ఉపగ్రహం ఎక్కించాడు. దాంతో ఎక్కడెక్కడి ఊళ్లవాళ్లూ కేబుల్లో బ్రేవ్స్ ఆటలు చూడటం మొదలుపెట్టారు. టీబీఎస్ అని అందరికీ తెలిసిన చానల్ అదే. ఆటా, పాత సినిమాల పెట్టే ఒకే ఇంట్లో ఉన్నాయి కాబట్టి, ఒకటి ఆగితే రెండోది తీయడం ఎంతసేపు?

మా పక్కింటావిడకి డెబ్బై దాటాయి. 80ల్లో ఆవిడ భర్తా ఇద్దరు కొడుకులూ సోఫా వదలకుండా బ్రేవ్స్ ఆట చూస్తుంటే, ఆవిడ పక్క గదిలో బట్టలు ఇస్త్రీ చేసుకునేదట. వాన పడగానే పిల్లలు "అమ్మా, ఆండీ వచ్చాడు!" అని కేకేసేవారు. ఇస్త్రీ పెట్టె ఆపేసి వచ్చి మధ్యలో కూర్చునేదట. "ఆ ఇంట్లో నా వంతు టీవీ వానే ఇచ్చింది" అని నవ్వుతుందావిడ.

ఆండీ అంటే 'ఆండీ గ్రిఫిత్ షో'. 1960 నుంచి 1968 వరకు సీబీఎస్‌లో వచ్చింది. మేబెర్రీ అనే కల్పిత పల్లెటూరు, భార్య పోయిన షెరీఫ్ ఆండీ, అతని చిన్న కొడుకు ఓపీ, ఇల్లు నడిపే మేనత్త బీ. 1961లో వచ్చిన ఒక ఎపిసోడ్ మనకోసమే తీశారేమో అనిపిస్తుంది. అత్త ఊరబెట్టిన దోసకాయలు నోట పెట్టలేనంత ఘోరం. ఆ మాట ఆవిడతో అనే ధైర్యం ఎవరికీ లేదు. గుట్టుగా కొట్లో కొన్న దోసకాయలతో సీసాలు మార్చేస్తారు. ఇంటి మగవాళ్లు లొట్టలేసుకుని తింటుంటే మురిసిపోయి, చివరికి ఆవిడ మళ్లీ బోలెడు సీసాలు పెడుతుంది! పచ్చళ్ల సీజన్‌లో ఇలాంటి నాటకం ఆడని తెలుగిల్లు ఉందంటారా?

ఇవన్నీ గొప్పవని ఏరి వేసినవి కావు, చవకని వేసినవి. వేసీ వేసీ జనం నోళ్లలో నానాయి. 'ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్' సంగతీ అంతే. 1946లో విడుదలైనప్పుడు పెట్టిన డబ్బులు కూడా రాలేదు. 1974లో కాపీరైట్ పొడిగించుకోవడం మర్చిపోయారు. సినిమా ఉచితంగా దొరికేసరికి చానళ్లన్నీ క్రిస్మస్‌కి వేయడం మొదలుపెట్టాయి. ఇప్పుడది అమెరికన్ల పండగలో భాగం.

అట్లాంటాలో వాన కథల్లో అన్నిటికన్నా పెద్దది 1985 జులై 4ది. న్యూయార్క్ మెట్స్‌తో ఆట. మొదలవడానికి ముందొకసారి, మధ్యలో మరోసారి, మొత్తం రెండు గంటలకు పైగా వానే తినేసింది. ఆట 19 ఇన్నింగ్స్ సాగి తెల్లవారుజామున 3:55కి ముగిసింది. మెట్స్ 16-13తో గెలిచింది. స్వాతంత్ర్య దినానికని తెచ్చిన బాణసంచా అప్పుడు, నాలుగింటికి కాల్చారు! బాంబులు పడుతున్నాయనుకుని జనం పోలీసులకి ఫోన్లు చేశారట. పక్కింటావిడ భర్త ఆ రాత్రి చివరిదాకా మేలుకునే ఉన్నాడట. ఆయనిప్పుడు లేడు. కొడుకులు వేరే రాష్ట్రాల్లో ఉన్నారు. వాళ్లు ఫోన్ చేసినప్పుడు ఆ ఏడాది ఎన్ని ఆటలు గెలిచారో మాట్లాడుకోరట, అత్త బీ దోసకాయల గురించి మాట్లాడుకుంటారట.

ఆ మాట నాకు బాగా అర్థమైంది. 80ల్లో మా ఊళ్లో దూరదర్శన్ "అంతరాయానికి చింతిస్తున్నాము" అని బోర్డు పెడితే మేమూ ఎవరం లేచేవాళ్లం కాదు. అప్పుడు చెప్పుకున్న కబుర్లు గుర్తున్నాయి కానీ, ఏ కార్యక్రమం ఆగిందో గుర్తులేదు.

ఆ పాత స్టేడియాన్ని 1997లో కూల్చేశారు. బ్రేవ్స్ ఆటల్ని టీబీఎస్ దేశమంతటా చూపించడం 2007తో ఆగిపోయింది. టర్నర్ పోగేసిన పాత సినిమాలకి మాత్రం 1994లోనే సొంత చానల్ వచ్చింది, టీసీఎమ్. ఇప్పుడు ఎవరికి కావాల్సింది వాళ్లు, ఎప్పుడంటే అప్పుడు చూసుకోవచ్చు. మా ఇంట్లోనూ అంతే. వానకి ఆట ఆగగానే మావారు ఫోన్ తీస్తారు, అబ్బాయి తన గదిలోకి వెళ్లి తలుపేసుకుంటాడు. ఎవరికీ ఏ లోటూ లేదు, కానీ సోఫా ఖాళీ.

ఎవరూ కోరుకోనిది, అందరి ముందుకీ ఒకేసారి వచ్చి పడింది కాబట్టే ఆ కుటుంబానికి అత్త బీ మిగిలింది. ఎవరికి నచ్చింది వాళ్లు ఏరుకున్నదాన్ని ముప్పై ఏళ్ల తర్వాత ఎవరితో చెప్పుకుంటాం? అందుకే ఈ వేసవిలో వాన పడినప్పుడు రిమోట్ నేను తీసుకోవాలనుకుంటున్నాను. ఏ పాత తెలుగు సినిమానో మధ్యలోంచి పెడతాను. సణుగుతారు, సణగనీ. తలుపు మాత్రం వేసుకోనివ్వను.