కండర శైథిల్యముగల పిల్లలు – వృత్తిచికిత్స

పేరులోనే ప్రత్తిని నిలుపుకొన్న కాటన్‌పేటకు విక్టోరియా ఆసుపత్రియు (1900), వాణీవిలాస ఆసుపత్రియు (1935) సమీపముననే కలవు. ఎత్తుకొనగానే చేతులనుండి జారిపోవునట్లుండు శిశువు, నెలలు గడచినను మెడ నిలువని శిశువు ఏ పేటకును క్రొత్త కాదు. ఆ లక్షణమునకు శాస్త్రమున నామకరణము మాత్రము ఇటీవలిది. 1900లో బెర్లిన్ వైద్యుడు హెర్మన్ ఓపెన్‌హైమ్ దీనిని వర్ణించి ప్రత్యేక వ్యాధిగా భావించెను. అది వ్యాధి కాదనియు, మెదడు, వెన్నుపాము, నరములు, కండరములు – వీనిలో దేని లోపమువలననైనను కలుగు చిహ్నమనియు తరువాత తేలినది. కండరము బిగువు తగ్గుట వేఱు, బలము తగ్గుట వేఱు; రెండును కలసియుండవచ్చును.

కారణము తీరకున్నను బిడ్డ దినచర్య సాగవలెను గదా! ఆ భారమును వృత్తిచికిత్స వహించినది. ఇచట వృత్తి యనగా జీవనోపాధి కాదు. తినుట, తొడుగుకొనుట, ఆడుట, వ్రాయుట – బిడ్డకు ఇవియే వృత్తులు. అమెరికాలో 1917లో సంఘరూపము దాల్చిన ఈ విద్యను మన దేశమున, బొంబాయిలో, కమలా నింబ్కర్ నాటెను. అచట 1950లో శిక్షణాలయము వెలసినది. 1952లో ప్రపంచ సమాఖ్యను స్థాపించిన పది దేశములలో భారతదేశమొకటి. బెంగుళూరున స్పాస్టిక్స్ సొసైటీ ఆఫ్ కర్ణాటక 1980లో ఏర్పడినది.

చికిత్సలో వింతయేమియు లేదు. పాదములు నేలనానునట్లు పీటయెత్తు కుదిర్చిన నడుము నిలుచును. నడుము నిలిచిననే వ్రేళ్లు చెప్పినట్లు వినును. పిండి పిసుకుట, గచ్చకాయలెగురవేయుట, ఉయ్యాలలూగుట – మన పెరటి ఆటలవంటివే యిందు సాధనములు. ఇది యెఱుగని బడులలో, బల్లపై వాలిన బిడ్డకు సోమరియను పేరును, వంకరవ్రాతకు బెత్తపుదెబ్బయు దక్కినవి. ఆ బిడ్డకు కావలసినది లావుపాటి పెన్సిలును, నాలుగు పంక్తులు వ్రాసిన పిమ్మట కొంత విశ్రాంతియును.