నిజామియా వేధశాల నుండి మేడమీది దూరదర్శిని వరకు

నక్షత్రాలను చూడటం వేరు, వాటిని లెక్కకట్టి భద్రపరచడం వేరు. ముస్లిం ఖగోళ విజ్ఞానుల కీర్తి ఈ రెండవ పనిపై నిలిచింది. క్రీ.శ. 964 ప్రాంతంలో అబ్దుర్రహ్మాన్ అస్సూఫీ, స్థానాలను టాలెమీ పట్టిక నుండి గ్రహించినా, నక్షత్రాల కాంతిని మాత్రం స్వయంగా పరిశీలించి సవరించారు. ఆండ్రోమెడాలోని మసక మేఘాన్ని కూడ నమోదు చేశారు. 1437 నాటి ఉలుగ్ బేగ్ పట్టికలో వెయ్యికి పైగా నక్షత్రాల స్థానాలున్నవి.

ఈ సంప్రదాయం ఛాయాచిత్ర యుగంలో మన తెలుగునాట కొనసాగింది. వృత్తిరీత్యా ఖగోళజ్ఞుడు కాని నవాబ్ జఫర్ జంగ్, 15 అంగుళాల గ్రబ్ దూరదర్శినిని ఇంగ్లండు నుండి తెప్పించి, 1901లో హైదరాబాదు ఫిసల్‌బండలోని తన ఆవరణలో వేధశాలకు పునాది వేశారు. నిజాం అనుమతితో దానికి ‘నిజామియా’ అని పేరుపెట్టారు. 1907లో ఆయన మరణించగా, మరుసటి సంవత్సరం ప్రభుత్వం దానిని స్వీకరించింది. 1919లో అది ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందికి వచ్చింది.

1887లో పారిస్ సభ సంకల్పించిన ‘ఆకాశపటం’ పథకంలో దక్షిణ క్రాంతి 17 నుండి 23 అంశల వరకు గల మండలాన్ని హైదరాబాదు తీసుకున్నది. 17 అంశల ఉత్తర అక్షాంశాన ఉన్న మనకు ఆ మండలం దక్షిణ దిశను దాటేటప్పుడు దాదాపు 50 అంశలు, అంతకు పైగా ఎత్తుకు చేరుతుంది. 8 అంగుళాల కెమెరా దూరదర్శినితో గాజు ప్లేట్లపై చిత్రాలు తీసి, ఒక్కొక్క చుక్కను కొలిచారు. చాట్‌వుడ్, పోకాక్‌ల తరువాత టి.పి. భాస్కరన్ ఆ కృషిని ముందుకు నడిపారు. లక్షలాది నక్షత్రాల కొలతలు సంపుటాలుగా వెలువడినవి.

ఇక నేటి సంగతి. నిజాం రాజ్య సరిహద్దుకు చేరువలో, ఆనాటి మద్రాసు రాజధానిలో ఉండిన తిరువూరును తీసుకుందాం. అక్కడ మేడమీద ఒక చిన్న ‘స్మార్ట్’ దూరదర్శినిని ఉంచితే చాలు. 2023లో వచ్చిన సీస్టార్ ఎస్50 కటకం వ్యాసం 50 మిల్లీమీటర్లు మాత్రమే. అది ఆకాశాన్ని చిత్రించి, చుక్కల అమరికను నక్షత్ర పట్టికతో పోల్చి, తానెటు చూస్తున్నదో తెలుసుకుంటుంది. పదేసి సెకనుల చిత్రాలను వరుసగా తీసి ఒకదానిపై ఒకటి పేర్చుతుంది. నూరు చిత్రాల సగటులో మచ్చల గందరగోళం పదోవంతుకు తగ్గుతుంది. సిరియస్‌కు దిగువన, హైదరాబాదు మండలంలోనే ఉన్న ఎం41 నక్షత్ర గుచ్ఛం దాని చట్రంలో ఇముడుతుంది.

పాఠకులు ఇక్కడొక విషయం గమనించాలి. పట్టిక లేనిదే ఈ యంత్రానికి దారి తెలియదు. 2000లో వెలువడిన 25 లక్షల నక్షత్రాల టైకో-2 పట్టికలో, నక్షత్రాల స్వీయచలనాన్ని గణించడానికి ‘ఆకాశపటం’ పాత కొలతలను వినియోగించారు. హైదరాబాదు ప్లేట్లు ఆ విధంగా దాదాపు ఎనభై ఏండ్ల తరువాత ఫలించినవి. అందమైన చిత్రాలుగా మాత్రమే మిగిలి, తేదీ, సమయం, స్థలం లేకుండా ఉండి ఉంటే అవి దేనికీ పనికివచ్చేవి కావు.

కనుక నేటి ఔత్సాహికుడు రంగులద్దిన చిత్రంతో తృప్తిపడక, మూల చిత్రాలను వాటి కాలంతో, స్థలంతో సహా దాచవలెను. నవాబు మిగిల్చిపోయిన ఆస్తిలో దూరదర్శిని కన్న విలువైనది ఆ అలవాటే.