ఐదో ప్రతి

అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఎయిరిస్, 1980. నౌకాదళ మెకానిక్ స్కూలు ఆవరణలోని ఆఫీసర్ల భవనం. నేలమాళిగలో విక్టర్ బస్టెర్రా ఫొటోలు కడుగుతున్నాడు. అతను అచ్చు కార్మికుడు. 1979 ఆగస్టులో భార్యతో, పసికందు కూతురితో సహా అతణ్ని పట్టుకొచ్చారు. చిత్రహింసలు పెట్టారు. అచ్చు పని వచ్చని తెలిశాక, అధికారుల మారుపేర్లతో దొంగ గుర్తింపు కార్డులు తయారుచేసే పనికి కూర్చోబెట్టారు.

ఒక్కో అధికారి ఫొటో నాలుగు ప్రతులు కావాలన్నారు. బస్టెర్రా ఐదు తీశాడు. ఐదోది ఫొటో కాగితాల పెట్టెలో అడుగున దాచాడు. వెలుతురు తగిలితే కాగితం పాడవుతుందని కాపలావాళ్లు ఆ పెట్టె తెరవరు. దొరికితే ప్రాణం పోతుంది. అయినా తీస్తూనే ఉన్నాడు.

పై అటకలో తలలకు ముసుగులు, కాళ్లకు సంకెళ్లతో బందీలు. కింది అంతస్తుల్లో అధికారుల పడకగదులు. బందీలూ అధికారులూ ఎక్కేది, దిగేది అవే మెట్లు. 1976 మార్చి 24న గద్దెనెక్కిన సైనిక పాలకుల హయాంలో ఇక్కడికి సుమారు 5,000 మందిని తెచ్చారని అంచనా. బతికి బయటపడ్డది కొద్దిమందే. ఎందరికో మత్తుసూది పొడిచి, విమానాల్లోంచి సముద్రంలోకి తోసేశారు. ఇక్కడే ప్రసవించిన తల్లుల ఒడిలోంచి బిడ్డలను లాక్కున్నారు.

తర్వాతి రోజుల్లో ఇంటికి వెళ్లి రమ్మని వదిలినప్పుడల్లా, బస్టెర్రా కొన్ని ఫొటోలు బట్టల్లో దాచి బయటికి చేరవేశాడు. హంతకుల ముఖాలతోపాటు, మాయమైన బందీల ముఖాలూ వాటిలో ఉన్నాయి. 1985లో సైనిక పాలకుల మీద విచారణ జరిగినప్పుడు అతను కోర్టులో నిలబడి అంతా చెప్పాడు.

భవనాన్ని కూడా అబద్ధమాడించాలని చూశారు. 1979లో అమెరికా ఖండాల మానవ హక్కుల కమిషన్ పరిశీలనకు వస్తోందని తెలిసి, బందీలను ఓ దీవికి తరలించారు. బతికి బయటపడినవాళ్ల మాట తప్పని తేలాలని లిఫ్టు తీసేశారు, మెట్ల దారి మార్చేశారు. 1998లో అధ్యక్షుడు మెనెమ్ ఏకంగా స్కూలునే కూల్చి, జాతీయ ఐక్యతకు చిహ్నం కడతామన్నాడు. మాయమైనవారి కుటుంబాలు కోర్టుకెక్కి ఆపాయి.

2004 మార్చి 24న అధ్యక్షుడు కిర్చ్‌నర్ ఆ స్కూలు దగ్గర నిలబడి ప్రభుత్వం తరఫున క్షమాపణ కోరాడు. ఆ స్థలాన్ని స్మృతి కేంద్రానికి అప్పగించాడు. 2015లో ఆఫీసర్ల భవనం మ్యూజియమైంది. కేసులు నడుస్తున్నందున ఆ గోడలు కోర్టు సాక్ష్యం. అందుకే వాటికి మెరుగులు దిద్దలేదు. బాధితులు న్యాయస్థానాల్లో చెప్పిన మాటలే సందర్శకులకు వినిపిస్తున్నాయి. 2017 తీర్పులో 29 మందికి యావజ్జీవ శిక్ష పడింది. 2023లో యునెస్కో ఈ భవనాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

పాత గాయాలు మానాలంటే ఆనవాళ్లు చెరిపేయాలని చెప్పే పాలకులు ఏ దేశంలోనైనా ఉంటారు. వారి మాట నమ్మకండి. నేరం జరిగిన చోటును కూల్చితే లాభపడేది నేరస్థుడే.