లాక్టేట్: పుల్లని పాల నుంచి ఎక్మో దాకా

కణాలు గ్లూకోజు నుంచి శక్తిని తీసుకునే క్రమంలో లాక్టేట్ తయారవుతుంది. ఆరోగ్యవంతుల రక్తంలో ఇది లీటరుకు 2 మిల్లీమోల్స్ లోపే ఉంటుంది. కాలేయం, మూత్రపిండాలు, గుండె కండరం దాన్ని ఎప్పటికప్పుడు వాడేసుకుంటాయి. గుండె బలహీనపడి రక్తం సరిగా అందకపోతే కణాలకు ఆక్సిజన్ చాలక లాక్టేట్ పేరుకుపోతుంది. ఐసీయూలో గుండె రోగులకు ఈ పరీక్ష మాటిమాటికీ చేయడానికి కారణం ఇదే.

స్వీడన్ రసాయనవేత్త కార్ల్ షీలే 1780లో పులిసిన పాల నుంచి లాక్టేట్‌కు ఆమ్ల రూపమైన లాక్టిక్ ఆమ్లాన్ని వేరుచేశాడు. 19వ శతాబ్దం తొలినాళ్లలో అదే దేశానికి చెందిన బెర్జీలియస్ దాన్ని జంతువుల కండరాల్లో కనుగొన్నాడు. జబ్బుతో దీనికున్న సంబంధం 1843లో బయటపడింది. జర్మనీలోని వ్యూర్జ్‌బర్గ్‌లో యోహాన్ షెరర్ అనే వైద్యుడు ప్రసూతి జ్వరంతో చనిపోయిన స్త్రీల రక్తంలో లాక్టిక్ ఆమ్లాన్ని గుర్తించాడు. బతికున్న రోగి రక్తంలో అది కనిపించింది 1858లో. ఆక్సిజన్ కొరతే దాన్ని పెంచుతుందని 1891లో జపాన్ పరిశోధకుడు అరకి జంతువులపై చూపించాడు. 1907లో కేంబ్రిడ్జ్‌లో ఫ్లెచర్, హాప్కిన్స్ కప్ప కండరాలపై ప్రయోగాలతో ఆ సంగతినే రూఢి చేశారు.

కండరం ముడుచుకోవడానికి లాక్టిక్ ఆమ్లమే కారణమని ఆ తర్వాత చాలాకాలం నమ్మారు. 1927లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు కండరాల్లో శక్తిని నిల్వచేసే ఫాస్ఫోక్రియాటిన్‌ను కనుగొన్నారు. లాక్టిక్ ఆమ్లం పుట్టకుండానే కండరం పనిచేయగలదని 1930లో డెన్మార్క్‌కు చెందిన లుండ్స్‌గార్డ్ నిరూపించడంతో పాత సిద్ధాంతం కూలిపోయింది.

1964లో అమెరికాలో బ్రోడర్, వైల్ రక్తప్రసరణ పడిపోయి షాక్‌లోకి వెళ్లిన రోగులను పరిశీలించి, లాక్టేట్ బాగా పెరిగినవారిలో బతికి బయటపడేవారు తక్కువని తేల్చారు. ఒక్కసారి కొలిస్తే చాలదని, వరుసగా కొలిచి పెరుగుతోందా తగ్గుతోందా చూడాలని 1983లో బెల్జియం వైద్యుడు విన్సెంట్ బృందం సూచించింది. అప్పట్లో రక్తాన్ని ల్యాబుకు పంపి ఫలితం కోసం ఎదురుచూడాల్సి వచ్చేది. 1962లో క్లార్క్, లయన్స్ ప్రతిపాదించిన ఎంజైమ్ ఎలక్ట్రోడ్ ఆ ఇబ్బందిని తీర్చే దారి చూపింది. ఇప్పుడు ఐసీయూలోని బ్లడ్ గ్యాస్ యంత్రమే కొద్ది నిమిషాల్లో లాక్టేట్ చెప్పేస్తుంది. ధమని నుంచి హెపారిన్ ఉన్న సిరంజిలోకి తీసిన రక్తాన్ని వెంటనే యంత్రానికి అందించాలి. సిరంజిలోనూ ఎర్రకణాలు గ్లూకోజును వాడుకుంటూ లాక్టేట్‌ను పుట్టిస్తూనే ఉంటాయి కాబట్టి, ఆలస్యమైతే లెక్క ఎక్కువగా వస్తుంది.

గుండె, ఊపిరితిత్తుల పనిని శరీరం బయట ఉండి చేసే యంత్రం ఎక్మో. 1971లో దాని సాయంతో ఒక వయోజన రోగి తొలిసారి బతికి బయటపడ్డాడు. గుండె రోగులకు వాడే వీఏ ఎక్మో పెద్ద సిరలోంచి రక్తాన్ని లాగి, ఆక్సిజన్ ఎక్కించి, ధమనిలోకి పంపుతుంది. యంత్రం తగిలించాక లాక్టేట్ గంటగంటకూ దిగుతుంటే అవయవాలకు రక్తం అందుతున్నట్టే. దిగకపోతే పంపు ప్రవాహం చాలుతోందా, గొట్టం పెట్టిన కాలికి రక్తం ఆడుతోందా, పేగులు దెబ్బతిన్నాయా అని వెతుకుతారు. కాలేయం చెడినా, అడ్రినలిన్ మందు ఎక్కిస్తున్నా కూడా లాక్టేట్ పెరుగుతుంది. ఆ రెండింటినీ లెక్కలోకి తీసుకోవాలి.

ఈ అంకె ఎంతవరకు ఉపయోగపడుతుందో 2023లో వెలువడిన ఈసీఎల్ఎస్-షాక్ అధ్యయనం చూపింది. గుండెపోటుతో షాక్‌లోకి వెళ్లి, లాక్టేట్ 3 మిల్లీమోల్స్ దాటిన రోగులను అందులో చేర్చుకున్నారు. తొందరగా ఎక్మో పెట్టినవారిలో 30 రోజుల్లో 47.8 శాతం, మామూలు చికిత్స పొందినవారిలో 49 శాతం చనిపోయారు. లాక్టేట్ జబ్బు తీవ్రతను చెబుతుందే తప్ప, ఏ చికిత్స ఎవరిని బతికిస్తుందో ఒక్కటే తేల్చి చెప్పలేదు. దాని వరుస ఫలితాలను రక్తపోటు, మూత్రం పరిమాణం, ఎకో నివేదికలతో కలిపి చదివినప్పుడే ఈ పరీక్షకు విలువ.